బాట తీసేదాకా తట్ట దించం

టెక్కలిలో ఆ సమావేశం జరగకపోతే నేను ఉద్దానం వైపు వచ్చేదాన్నే కాదు. నాది దుబాసీ పని. విశాఖపట్నంలో ఉంటాను. పెద్ద పెద్ద సంస్థలవాళ్లు జిల్లాల్లో సభలు పెట్టుకుంటే, వాళ్ల ఇంగ్లీషు తెలుగులోకి, ఇక్కడివాళ్ల తెలుగు ఇంగ్లీషులోకి అప్పటికప్పుడు మార్చి చెబుతాను. ఆ రోజు చర్చ తుఫాను సాయం గురించి, ఊళ్ల మధ్య శాంతి గురించి, అందులో స్థానికుల పాత్ర గురించి. స్థానికుల పాత్ర గురించి పొద్దుటి నుంచి మాట్లాడినవాళ్లలో స్థానికులు ఒక్కరూ లేరు. వాళ్లకు సామర్థ్యం పెంచాలి, అవగాహన పెంచాలి అని వేదికమీద కోటు వేసుకున్న పెద్దమనిషి చెబుతుంటే, ఆ మాటలే మళ్లీ మళ్లీ తెలుగులో చెప్పి నా నోరు చేదెక్కింది. భోజనాలకు కాస్త ముందు, తవిటమ్మ అనే ఆవిడకు రెండు నిమిషాలిచ్చారు. ఒడ్డునున్న ఊళ్లో చేపలమ్ముకునే మనిషి, యాభై దాటి ఉంటాయి.

ఆవిడ మైకు పట్టుకోలేదు. అవసరమూ లేదు, వెనక వరసదాకా వినపడే గొంతు. "మా ఊరికీ పక్కూరికీ మాటల్నేవు. ఆ తగువు పెట్టింది తుపాను కాదు బాబూ, మీలాటోళ్లు తెచ్చిన లారీ. రేపు మాం ఎల్లి ఆ ఊరోళ్లు మూసీసిన బాట తీయించుకుంతాం. నేర్సుకోవాలనుంటే ఒచ్చి సూడండి" అంది. నేను ఒక్క ముక్క తగ్గించకుండా ఇంగ్లీషులో చెప్పాను. పెద్దమనిషి నవ్వి, చాలా స్ఫూర్తిదాయకంగా ఉందన్నాడు. అంతే, భోజనాలకు లేచిపోయారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు విశాఖకు వెళ్లాల్సినదాన్ని టికెట్ రద్దు చేసుకుని టెక్కలిలోనే ఉండిపోయాను.

టెక్కలి నుంచి పలాసకు పొద్దున్నే బస్సులు బాగానే ఉంటాయి. హైవేమీద గంటలోపే, పలాసకు ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో దింపేస్తాయి. ఏడున్నరకల్లా దిగి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, ఆటోలవాళ్ల దగ్గరికి వెళ్లి నేను వెళ్లాల్సిన ఊరు చెప్పాను. ఇద్దరు తల అడ్డంగా ఊపారు. ధర్మారావు అనే అతను మాత్రం తవిటమ్మ పేరు చెప్పగానే ఎక్కమన్నాడు. "ఒడ్డుదాకా ఆటో ఎల్లదు మేడం, తోటల్లో దుంగలు అడ్డమెట్టినారు. నాను ఎలాగూ ఆళ్ల తమ్ముడు బైరాగిని తేడానికే ఎల్తన్నాను. ఆడికి ఇయాల పలాస ఆస్పత్రిలో డయాలసిస్సు, రెండు గంటలకి ఆడి వంతు. మీకాడ మొత్తం బేరమేటి, షేరాటో డబ్బులియ్యండి, సాలు" అన్నాడు. మామూలుగా ఆటో మొత్తం మాట్లాడుకుంటే, అక్కడ ఆగినందుకూ కలిపి ఏడెనిమిది వందలు అడుగుతారు. తీరం వైపు బస్సులు ఉన్నాయి గానీ, తక్కువ.

పలాస దాటుతుంటే జీడిపిక్కలు కాల్చే వాసన ముక్కుకు తగులుతుంది. ఆ తర్వాత రోడ్డుకు రెండువైపులా తోటలే. జీడిమామిడి, పనస, వాటి మధ్య కొబ్బరి. ఉద్దానమంటే పచ్చదనమని చదివి వచ్చేవాళ్లు కొబ్బరి మొండాలు కూడా చూడాలి. తలలేని చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి. వాటి మొదట్లో కొత్త మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. అవి కాపుకొచ్చే లోపల ఆ రైతు ఏం తింటాడో ఎవరూ పుస్తకాల్లో రాయరు. దారిపొడుగునా ధర్మారావు నాకు తగువు సంగతి చెప్పాడు. ఆ రెండు ఊళ్ల పేర్లు రాయొద్దని తవిటమ్మ గట్టిగా చెప్పింది కాబట్టి, తోటల్లో ఉన్నది తోటూరు, సముద్రం పక్కనున్నది ఒడ్డూరు అనుకోండి.

కిందటి తుఫానుకు ఒడ్డూరి జనమంతా తోటూరి బడిలో తలదాచుకున్నారు. తోటూరివాళ్లు తమ ఇళ్లమీద రేకులు ఎగిరిపోయినా, పడిపోయిన చెట్ల కొబ్బరికాయలు పగలగొట్టి, ఇంట్లో ఉన్న బియ్యం పోసి వండి పెట్టారు. నీళ్లు తీశాక పట్నం నుంచి ఒక సంస్థ లారీ వచ్చింది. తోటూరి మధ్యలోంచే వెళ్లింది, ఆగలేదు. తిన్నగా ఇసకలోకి పోయి, వెనకాల సముద్రం కనపడేలా ఒడ్డూరివాళ్లను నిలబెట్టి టార్పాలిన్లు, దుప్పట్లు, దీపాలు పంచి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయింది. తోటూరికి దుప్పటి ముక్క కూడా రాలేదు. రెండో లారీ వస్తే తోటూరి మగాళ్లు ఆపారు. ఒడ్డూరి మగాళ్లు పరిగెత్తుకొచ్చారు. తలలు పగిలాయి. దాంతో రెండు ఊళ్ల పెద్దలూ కట్టుబాటు పెట్టారు. అటు మనిషి ఇటు మనిషితో మాట్లాడకూడదు, మాట్లాడితే దండుగ. తోటూరివాళ్లు ఇంకో అడుగు వేసి, ఒడ్డుకెళ్లే మట్టిబాటకు పడిపోయిన కొబ్బరి దుంగలు అడ్డం పెట్టేశారు. ఇదంతా మొదలుపెట్టిన సంస్థ ఆ ఫొటోలతో ఏం చేసిందో నాకు తెలియదు.

తొమ్మిది దాటాక దుంగల దగ్గర దిగాం. ఒకదానిమీద ఒకటి మూడు పేర్చి ఉన్నాయి, నా నడుమెత్తు వచ్చాయి. అవతలి పక్క ఇసకలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఒక మనిషి కూర్చున్నాడు. ముప్పై ఐదేళ్లుంటాయేమో. పాదాలు పొంగి ఉన్నాయి, చెప్పులు పక్కన విడిచాడు. అతనే బైరాగి. ఒకప్పుడు గుజరాత్ బోట్లమీదికి పనికి వెళ్లొచ్చేవాడట. దుంగలు పెట్టినప్పటి నుంచి డయాలసిస్ రోజు వచ్చిందంటే అతన్ని నులకమంచంమీద మోసుకొచ్చి, దుంగలమీదుగా అందించి, ఇవతల ఆటోలో కూర్చోబెడుతున్నారు. ధర్మారావు అలవాటుగా చేతులు చాచాడు. బైరాగి కదల్లేదు.

"ఇయాల నన్ను ఎవులూ మొయ్యక్కర్నేదు మావా. బాట తీత్తే ఆటో ఇక్కడికొత్తాది, ఎక్కుతాను. తియ్యకపోతే ఇక్కడే ఉంతాను" అన్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. ఒక్కసారి తప్పిపోయినా ఊపిరి ఆడదని, పంతాలకు ఇది సమయం కాదని అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. "నాకు తెల్దేటి మేడం? మూడేళ్లయి నా ఒంట్లోనే ఉన్నాది కదా ఆ జబ్బు. నన్ను మోసినన్నాళ్లూ ఆళ్లకి ఈ దుంగలు కనపడవు. నాను ఇక్కడ కూకుంటే కనపడతాయి" అన్నాడు. నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది. ధర్మారావు మాత్రం ఆటో ఇంజను ఆపి, వెనకసీటులో కాళ్లు చాపుకుని, "ఒంటిగంట దాటితే నాను నీ మాట ఇనను, సెప్తన్నాను" అని మాత్రం అన్నాడు.

ఇసకలో ఇరవై నిమిషాలు నడిస్తే ఒడ్డూరు వస్తుంది. బూట్లు వేసుకుని రాకండి, నిండిపోతాయి. తవిటమ్మ ఇంటిముందు పదిమందిదాకా ఆడవాళ్లు తట్టలకు ఎండుచేపలు ఎత్తుతున్నారు. నెత్తళ్లు, కవళ్లు, ఒక తట్టలో రొయ్యపొట్టు. నన్ను చూసి తవిటమ్మ, "ఒచ్చినావా! ఆ కోటు బాబు రానేదేటి?" అని నవ్వింది. తమ్ముడి సంగతి నేను ఎత్తబోతే ఆవిడ మొహం మారిపోయింది. "రాత్రి ఆడితోటి ఏడిసి మొత్తుకున్నాను. ఇనడు. నా పుట్టిల్లే అంత, మొండోళ్లు. అందుకే తొరగా ఎల్లాల" అంది.

వాళ్ల ఆలోచన ఏమిటో అప్పుడు చెప్పింది. ఈ తీరమంతా ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని తోట ఊళ్లకు వెళ్లి, ఎండుచేపలిచ్చి బియ్యం, కొబ్బరికాయలు తెచ్చుకోవడం ఎప్పటి నుంచో ఉంది. నిండు తట్ట ఒక్కరే దించుకోలేరు, ఎదుట ఒక మనిషి నిలబడి రెండు చేతులా పట్టాలి. "బరువు దించమని గుమ్మంకాడ నిలబడితే ఎవులూ కాదనకూడదు. పగోడైనా దించాల. దించినాక మంచినీళ్లియ్యాల. ఆ నీళ్లు తాగితే ఆ పూటకి సుట్టాలమే. ఏ కట్టుబాటూ దాన్ని ఆపనేదు ఇన్నాళ్లూ. తగువైనాక మాం భయపడి తట్ట ఎత్తనేదు, అంతే. ఇయాల ఎత్తుతన్నాం."

"వాళ్లు దించకపోతే?" అన్నాను.

"దించీదాకా నిలబడతాం. దానికేటి!"

పదిన్నరకు బయలుదేరాం. దుంగల దగ్గర తవిటమ్మ తమ్ముడి తలమీద చెయ్యి వేసి ముందుకు నడిచింది. దుంగల పక్కన జీడితోటలోంచి సన్నటి కాలిదారి ఉంది, మనిషి పడతాడు, బండీ మంచమూ పట్టవు. వరసగా ఆ దారిన తోటూరిలోకి వెళ్లారు. పాలకేంద్రం అరుగుమీద ఊరి పెద్ద జోగారావు, ఇంకా నలుగురు మగాళ్లు కూర్చుని ఉన్నారు. వీళ్లను చూడగానే ఒకడు ఫోనులోకి తల దూర్చాడు, ఒకడు ఆకాశంలోకి చూశాడు. ఆడవాళ్లు అరుగుకు ఎదురుగా, జోగారావు ఇంటి గుమ్మం ముందు, ఎండలో వరసగా నిలబడ్డారు. తవిటమ్మ ఒకే ఒక్కసారి, "బరువు దించండి" అంది. ఎవరూ లేవలేదు.

అరగంట నిలబడ్డారు. ఆ ఎండ ఎలాంటిదో నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోవడానికి లేదు, చేతులు తట్టలమీద ఉన్నాయి. తవిటమ్మ మెడ నరాలు ఉబ్బాయి, మోకాళ్లు వణకడం మొదలైంది. అరుగుమీద మగాళ్లు మాత్రం సోడా తెప్పించుకుని తాగారు. ఇంక చూడలేక, గబగబా వెళ్లి తవిటమ్మ ఎదుట నిలబడి తట్ట అంచులు పట్టుకున్నాను.

"సెయ్యి తియ్!" అని ఒక్క అరుపు అరిచింది. ఉలిక్కిపడి వదిలేశాను. "నువ్వు దించితే ఏటి నాభం? సాయంత్రం బస్సెక్కి ఎలిపోతావు. దించాల్సింది ఆళ్లు. నువ్వు దించీసినావంటే ఆళ్లకి సులువైపోద్ది. పక్కకెల్లి నిలబడు." అరుగుమీద ఒకడు కిసుక్కున నవ్వాడు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. కానీ ఆవిడ అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. వేపచెట్టు నీడన నిలబడి చూడటం తప్ప నేను చేయాల్సింది ఏమీ లేదు, అది చేయడం నాకు చాలా కష్టమైంది.

అప్పుడు కాకులు వచ్చాయి. ఎండుచేపల వాసనకు ఎక్కడెక్కడివో వచ్చి తట్టలమీద వాలాయి. ఆడవాళ్లు తల విదిలించలేరు, చెయ్యి ఎత్తలేరు. ఒక కాకి తవిటమ్మ తట్టమీద తీరిగ్గా కూర్చుని కవళ్లు లాక్కుని తింటోంది. జోగారావు ఇంట్లోంచి ఆయన భార్య దమయంతి ఈనెల చీపురు పట్టుకుని బయటికొచ్చింది. తుఫానప్పుడు బడిలో వంటలన్నీ దగ్గరుండి చేయించింది ఈవిడేనట. చీపురు ఝళిపిస్తూ కాకిని తిట్టడం అందుకుంది.

"సిగ్గునేదేటే నీకు? బళ్లో కూకోబెట్టి వండి పెట్టినన్నాళ్లూ తిన్నావు. లారీ ఒచ్చిందంటే ఎగురుకుంటా ఎలిపోనావు. మా ఇంటిమీద రేకులెగిరిపోనాయి, మా సెట్లన్నీ పడిపోనాయి. లారీవోడు అడగనేదు, ఆడికేటి తెల్సు. నువ్వేనా ఒచ్చి, ఇదేటి దమయంతీ ఇలగైపోనాది అని అడిగినావా?"

తవిటమ్మ మెడ కదపకుండా కళ్లు పైకెత్తి ఆ కాకితోనే అంది. "అడగనేదు కాకమ్మా. తప్పే. ఆ దుప్పట్లలో సగం మోసుకొచ్చి మీ గుమ్మంలో పడీవలసింది, పడీనేదు. అందుకే ఎండలో నిలబడ్డాం. మరి మా తమ్ముణ్ని మంచంమీద ఆ దుంగలు దాటించినప్పుడల్లా ఈ తోటలో కాకులు సూసి ఊరుకున్నాయి కాదేటి? ఆడికి ఇయాల రెండు గంటలకి వంతు. ఆ దుంగలకాడే కూకున్నాడు, బాట తీత్తేగానీ లెగనంతన్నాడు. ఆడు పోతే ఆ దుంగలు ఎవులు మోత్తారో అడుగు."

దమయంతి చేతిలో చీపురు ఆగిపోయింది. బైరాగి అక్కడ కూర్చున్నాడని ఆవిడకు అప్పటిదాకా తెలియదు. భర్త వైపు తిరిగి చూసింది. ఆయన అరుగుమీది నుంచి, "దమయంతీ, దండుగ పడతాది" అన్నాడు. "కాకితోటి మాటాడినాను. కాకికెయ్యండి దండుగ" అంది ఆవిడ. చీపురు పారేసి, కొంగు బిగించి, తవిటమ్మ ఎదుట నిలబడి రెండు చేతులా తట్ట పట్టింది. ఇద్దరూ కలిసి వంగారు. తట్ట నేలకు దిగింది. తవిటమ్మ అక్కడే కూలబడిపోయింది. దమయంతి లోపలికి పరిగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చి, "తాగొదినా" అంది. తవిటమ్మ తాగుతూ ఏడ్చింది. ఆ వీధిలో ఇంకో తలుపు తీశారు, ఆపైన ఇంకోటి. పదిమంది తట్టలూ దిగాయి.

ఇంతా అయ్యాక జోగారావు లేచి వచ్చి కౌగిలించుకున్నాడని రాస్తే బాగుండును. ఆయన లేచాడు గానీ మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు. "బాట తీత్తాం. మాటలు మట్టుకు కలపం. ఆరోజు తల పగిలింది మా ఓడికి" అన్నాడు. "నిన్నెవులు మాటాడమన్నారు? గునపం తీ" అంది దమయంతి. తోటూరి నుంచి ఎనిమిదిమందిదాకా గునపాలతో వచ్చారు. కబురు అందుకుని ఒడ్డూరి నుంచి మగాళ్లు వలతాళ్లు తెచ్చారు. రెండు వైపులవాళ్లూ ఒకరి మొహాలొకరు చూసుకోకుండా దుంగకు తాళ్లు బిగించారు. ఇసకలో దిగబడిన దుంగ కదలాలంటే అందరూ ఒక్కసారి లాగాలి, ఒక్కసారి లాగాలంటే ఎవరో కేక పెట్టాలి. మాట్లాడకూడదు కదా, ఎవరికివారే లాగి ఎవరికివారే చతికిలబడ్డారు. కుర్చీలోంచి బైరాగి, ఆయాసపడుతూనే, వల లాగేటప్పటి గొంతుతో "హైస్సా!" అని కేక పెట్టాడు. రెండోసారి అందరూ అందుకున్నారు, జోగారావుతో సహా. పన్నెండున్నరకు ఆటో ఆ బాటన కుర్చీదాకా వెళ్లింది. బైరాగి తన కాళ్లమీద లేచి ఎక్కాడు.

దమయంతి ఇంట్లో నాకు కూడా అన్నం పెట్టారు. నెత్తళ్లు, వంకాయ వేసిన పులుసు, వేడన్నం. ఆ చేపల ఉప్పు ఇంకా నా నాలుకమీద ఉంది. తింటుండగానే ధర్మారావు ఫోను, బైరాగిని లోపలికి తీసుకెళ్లారని. తవిటమ్మ చేతిలో ముద్ద అలాగే పట్టుకుని కాసేపు కళ్లు మూసుకుంది. కొంచెంసేపటికి ఇంకో ఫోను, నిన్నటి సభ నిర్వాహకుడిది. ఎలా తెలిసిందో తెలిసింది. నిన్నటి శిక్షణ ఫలితంగానే రెండు ఊళ్లు కలిశాయని నాలుగు లైన్లు, ఇద్దరు ఆడవాళ్లు చేతులు కలిపిన ఫొటో ఒకటి పంపమన్నాడు. స్పీకర్ పెట్టి వాళ్లిద్దరికీ వినిపించాను. "ఆయన్ని ఒచ్చి ఒక తట్ట ఎత్తమను, అప్పుడు ఫొటో దిగుతాం" అంది దమయంతి. అది ఇంగ్లీషులోకి మార్చి ఆయనకు చెప్పాను. నా ఉద్యోగంలో అంత ఇష్టంగా చేసిన అనువాదం ఇంకొకటి లేదు.

నాలుగింటికి ధర్మారావు తిరిగొచ్చి నన్ను పలాసలో దింపాడు. బస్సులో కూర్చున్నాక కూడా నా కోపం చల్లారలేదు, చల్లారకూడదనే అనుకుంటున్నాను. ఈ తీరంలో సాయం చేసేవాళ్లకు కొదవ లేదు. బడిలో వండి పెట్టినవాళ్లున్నారు, షేరాటో డబ్బులతో సరిపెట్టుకున్న ఆటోవాడున్నాడు, మెడ విరిగేలా నిలబడినవాళ్లున్నారు. వాళ్లకు సామర్థ్యం పెంచుతామని బయల్దేరేవాళ్లు, ముందు వాళ్లు కట్టుకున్నది కూల్చకుండా ఉంటే చాలు. శాంతి కూడా తెచ్చి ఇచ్చేది కాదు. జోగారావు ఇంకా మాట కలపలేదు, రేపు కలుపుతాడో లేదో నాకు తెలియదు. బాట మాత్రం తెరుచుకుంది, దాన్ని మళ్లీ మూస్తే నిలబడే మనుషులు ఇప్పుడు రెండు ఊళ్లలోనూ ఉన్నారు. నేను వచ్చేసే ముందు తవిటమ్మ, దమయంతి ఒక మాట అనుకున్నారు. దాన్ని ఇటువైపు వచ్చేవాళ్లందరికీ చెప్పమన్నారు కాబట్టి ప్రయాణ సూచనగా అదే రాస్తున్నాను.

తుఫాను సాయం తెచ్చేవాళ్లు లారీని ఒడ్డుదాకా తోలకండి. తోటల మొదట్లోనే ఆపండి. ఒడ్డు నుంచి ఒకావిడ, తోట నుంచి ఒకావిడ వచ్చి లోపల ఏముందో చూస్తారు. ఇద్దరూ సరేనంటేనే తాళ్లు విప్పండి. ఒక్కరు కాదన్నా బండి వెనక్కి తిప్పుకోండి.